శ్రీగంధం మొక్క పసుపు పడుతోందా? యూరియా కాదు, పక్కన తోడు కావాలి

"శ్రీగంధం మొక్క నర్సరీ నుంచి తెచ్చాను. కవర్‌లో పక్కనే ఏదో పాకే కలుపు ఉంటే పీకేసి నాటాను. మూడు నెలలకు ఆకులు పసుపు పడుతున్నాయి, ఎదుగుదల లేదు. యూరియా ఎంత వెయ్యాలి?" అని అడిగారు.

యూరియా సంగతి తర్వాత. మీరు పీకేసింది కలుపు కాదండీ, ఆ మొక్కకు ఆధారం. శ్రీగంధం సగం పరాన్నజీవి. ఏడాది పొడవునా పచ్చటి ఆకులుంటాయి, వాటితో తిండి కొంత తనే తయారు చేసుకుంటుంది. కానీ దాని వేళ్లు పక్క మొక్క వేళ్లకు చిన్న బుడిపెల్లా అతుక్కుని నీళ్లు, నత్రజని, భాస్వరం అక్కడి నుంచి లాక్కుంటాయి. మొదట్లో గింజలోని నిల్వతో కళకళలాడుతుంది, అది అయిపోయాక నీరసపడుతుంది. అందుకే నర్సరీ వాళ్లు కవర్‌లోనే కందో పొన్నగంటో పెట్టి ఇస్తారు. పాకేదన్నారు కాబట్టి మీది పొన్నగంటి అయ్యుండాలి.

మాది మహబూబ్‌నగర్ వైపు ఎర్రనేల. చెలక గట్టు వెంట శ్రీగంధం పెట్టి, ప్రతి మొక్క పక్కనా కంది వేశాం. ఒక వైపు కందిని పశువులు మేసేశాయి. నీళ్లు అవే, ఎరువు అదే, అయినా ఆ వైపు శ్రీగంధం నిలబడ్డచోటే నిలబడిపోయింది. మళ్లీ కంది పెట్టాకే కొత్త చిగుళ్లు వచ్చాయి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది: కూరల మార్కెట్‌లో పొన్నగంటి కూర కట్ట కొని, ముదురు కాడలు నాలుగైదు మొక్క మొదలుకు జానెడు దూరంలో గుచ్చండి. తేలిగ్గా వేళ్లు పడతాయి. వాటితోపాటే నాలుగు కంది గింజలు కూడా వెయ్యండి. వేళ్లు కలవడానికి టైం పడుతుంది, వారానికే పచ్చబడలేదని టెన్షన్ పడకండి. ఈలోపు మొదలు దగ్గర తవ్వొద్దు. కంది శ్రీగంధాన్ని మించి పెరిగితే తల తుంచెయ్యండి. మొదటి ఎండాకాలం పల్చటి నీడ మంచిదే, పూర్తిగా కమ్మేస్తే మాత్రం సాగదు.

కంది ఏడాది రెండేళ్లకు మించి ఉండదు. కాబట్టి ఐదారడుగుల దూరంలో శాశ్వతంగా ఉండే చెట్టు ఒకటి ఇప్పుడే పెట్టండి. నా ఓటు సరుగుడుకే. గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది, నీడా దట్టంగా పడదు. కానుగ కూడా పనికొస్తుంది.

పసుపు పడడానికి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి ఓసారి దగ్గరగా చూడండి. లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలే. పాదు ఎప్పుడూ తడిగా ఉండి ఆకులు వాలిపోతుంటే వేరు కుళ్లు అనుకోవాలి. నీళ్లు నిలిస్తే శ్రీగంధం బతకదు. మీది నల్లరేగడి అయితే మట్టి ఎత్తుగా పోసి నాటాల్సింది. ఇప్పుడైనా నీళ్లు బయటకు పోయేలా కాలువ తీయండి.

మేకలు తిరిగే చోటైతే ముందు కంచె వేసి, తర్వాతే కంది వెయ్యండి. వాటికి కందీ ఇష్టమే, శ్రీగంధం ఆకూ ఇష్టమే.