రొయ్య కన్ను తీస్తే గుడ్లెందుకు పెడుతుంది అని అడిగే పాపని ఏ కోర్సులో వెయ్యాలి?

కాట్రేనికోన వైపు నుంచి ఒక నాన్నగారు పెద్ద మెసేజ్ పెట్టారు. విషయం ఇదీ. రొయ్యల చెరువులు చేస్తారు. పాప బైపీసీ అయ్యి ఒక ఏడాది లాంగ్ టర్మ్ కూడా చేసింది, మెడికల్ సీటు రాలేదు. ఇంకో లాంగ్ టర్మ్ వద్దు నాన్నా, రొయ్యలూ పీతలూ లాంటి జీవుల ఒంట్లో ఏం జరుగుతుందో దాని మీద రీసెర్చ్ చేస్తాను అంటోందట. రాజమండ్రిలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళేమో ఫారిన్‌లో మరైన్ బయాలజీ డిగ్రీ చేయించండి, ఫ్యూచర్ అంతా అదే అన్నారట. బీఎఫ్ఎస్సీనా (ఫిషరీస్ సైన్స్ డిగ్రీ), మామూలు బీఎస్సీనా, ఫారినా, పోల్చి చెప్పండి అని అడిగారు. చివర్లో ఒక మాట రాశారు, "మేం బురదలో ఉన్నాం చాలు, అది కూడా చెరువు గట్టుకే వస్తే చదివించి ఏం లాభం" అని.

అన్నగారూ, పోలిక చెప్తాను గానీ ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం, మీ అసలు ప్రశ్న అదే కాబట్టి. భీమవరం నుంచి అమలాపురం దాకా ఎంతమంది నాన్నలు నన్ను ఇది అడిగారో లెక్క లేదు, కోర్సు పేర్లు మారతాయి గానీ భయం ఒకటే. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బుకి ఒక పంట పోయి, రేటు పడిపోయి ఇంకో పంట పోయి, అర్ధరాత్రి కరెంటు పోతే నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోతాయని జనరేటర్ దగ్గరికి పరిగెత్తిన మనిషికి, కన్నపిల్ల మళ్ళీ ఆ నీళ్ళ వైపే చూస్తుంటే గుండె జారిపోతుంది. నాకు అర్థమవుతుంది. కానీ పాప అడిగేది చెరువు కాదండీ.

మీ మెసేజ్ మధ్యలో ఒక సంగతి ఉంది, పాపకి ఏదో పిచ్చి పట్టిందని చెప్పడానికి రాశారు మీరు. సీడ్ పనిమీద, అంటే రొయ్య పిల్లల కోసం, వాటిని పుట్టించే హేచరీకి మీతో వచ్చిందనీ, అక్కడ తల్లి రొయ్యకి ఒక కంటి కాడ తీసేస్తుంటే చూసి "కన్ను తీస్తే గుడ్లెందుకు పెట్టుద్ది నాన్నా" అని ఇంటికొచ్చేదాకా ప్రాణం తీసిందనీ. నేను ఆ లైను మూడుసార్లు చదువుకున్నాను. మీరు ఇన్నేళ్ళుగా సీడ్ తెస్తున్నారు, ఎప్పుడైనా ఆ ప్రశ్న వచ్చిందా మీకు? 1943లో పానూస్ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు రొయ్య కంటి కాడ తీసేస్తే అండాశయం గబగబా ఎదుగుతుందని చూపించాడు, హేచరీల్లో ఈ రోజుకీ చేసేది దాని మీద నిలబడిన పనే. ఆ కాడలో ఎక్స్ ఆర్గాన్, సైనస్ గ్రంథి అని ఉంటాయి, గుడ్లు ఎదక్కుండా పట్టి ఉంచే హార్మోన్ అక్కడి నుంచే వస్తుంది, కాడ తీస్తే ఆ పట్టు పోతుంది. గుల్ల విడవకుండా ఆపే హార్మోన్ కూడా ఆ కాడలోదే.

అమావాస్యకీ పౌర్ణమికీ మోల్టింగ్ అని, అంటే రొయ్య పాత గుల్ల విడుస్తుందని, మీరు మేత తగ్గిస్తారు కదా. ఆ రోజుల్లో మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే ఎత్తితే గాజు కాగితంలా తేలిపోయే ఖాళీ గుల్ల ఒకటి, పక్కనే పట్టుకుంటే వేళ్ళ మధ్య మెత్తగా వంగిపోయే రొయ్య ఒకటి కనపడతాయి. ఆ మెత్తటి రొయ్య అప్పుడు నీళ్ళు పీల్చి ఒళ్ళు పెంచుకోవాలి, కొత్త గుల్ల గట్టిపడటానికి నీటిలోంచి కాల్షియం లాక్కోవాలి, ఈలోపు పక్క రొయ్యల నోట పడకుండా బతకాలి. ఇంకోటి, మీరు పెంచే వెనామీ రొయ్య ఒంట్లో ఉప్పూ బయటి నీటి ఉప్పూ సరితూగేది సుమారు 25 పీపీటీ దగ్గర, అంటే లీటరు నీటికి పాతిక గ్రాముల ఉప్పు. మీ చెరువులో 5 ఉందనుకోండి, మొప్పలు పగలూ రాత్రీ ఉప్పుని లోపలికి తోడుకుంటూనే ఉండాలి, మీరు వేసిన మేతలో కొంత ఆ చాకిరీకే పోతుంది. మీరు బస్తాలకి బస్తాలు మినరల్స్ చల్లేది ఎందుకో, ఎంత చల్లితే సరిపోతుందో తేల్చేది, ఒంట్లో ఏ పని ఎలా జరుగుతుందో చెప్పే ఈ ఫిజియాలజీయే. మిమ్మల్ని ముంచిన ప్రతి పంటలో జవాబు దొరకని ప్రశ్న ఒకటి ఉంది, మీ పాప దాని దగ్గరికి వెళ్తానంటోంది.

డాక్టర్ కాలేదనే బాధ కూడా మీ మెసేజ్ నిండా ఉంది. ఎంబీబీఎస్ ఫస్టియర్‌లో నరం గుండా సిగ్నల్ ఎలా పోతుందో చెప్పే పాఠం ఉంటుంది చూశారా, అది మనిషి దగ్గర దొరకలేదు, స్క్విడ్ అనే మెత్తటి సముద్రపు జీవి దగ్గర దొరికింది. మన నరం పోగులు మరీ సన్నం, స్క్విడ్‌లో ఒక పోగు అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా లావు ఉంటుంది, లోపలికి సన్నటి తీగ దూర్చి కరెంటు కొలవచ్చు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాని మీద పనిచేసి 1952లో పేపర్లు రాశారు, 1963లో నోబెల్ వచ్చింది. జ్ఞాపకం ఎలా ఏర్పడుతుందో కాండెల్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నది అప్లీసియా అనే సముద్రపు జీవి దగ్గర, ఆయనకి 2000లో నోబెల్. వెన్నెముక లేని జీవుల మీద చదువంటే చిన్నచూపు చూసేవాళ్ళకి ఈ రెండు జీవుల పేర్లు చెప్పండి.

ఇక్కడ మిమ్మల్ని కొంచెం గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. పుస్తెలమ్మైనా పులస తినాలి అంటాం, యానాంలో రేటెంతో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. సముద్రంలో ఉప్పునీళ్ళు తాగి మొప్పల్లోంచి ఉప్పు బయటికి నెట్టే విలస, గోదాట్లోకి వచ్చి పులస కాగానే అదే మొప్పలతో ఉప్పుని లోపలికి పట్టుకునేలా ఎలా మారిపోతుందో మనలో ఎవరం అడగం. అడిగిన పిల్లని మీరు చుట్టాల ముందు "దీనికి రొయ్యల పిచ్చి" అన్నారట, మీరే రాశారు. ఏడాది పాటు హాస్టల్లో మగ్గి సీటు రాక ఇంటికొచ్చిన పిల్లకి మొదటిసారి ఒకటి ఇష్టమని నోటితో చెప్పే ధైర్యం వచ్చింది, దాన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తే ఇక మీకేమీ చెప్పదు. మీ సిగ్గు మీ నష్టాల మీద, దాన్ని పాప మీద పెట్టకండి.

ఇక ఫారిన్ మరైన్ బయాలజీ. నాకు దీని మీద చాలా అనుమానాలున్నాయి. బ్రోచర్ నిండా డాల్ఫిన్లు, పగడాలు, స్కూబా డ్రెస్సులో నవ్వుతున్న పిల్లలు. మీ పాప అడిగింది డాల్ఫిన్ కాదు, కంటి కాడలో ఏముందని. ఫిజియాలజీ చేసేవాళ్ళు ఎక్కువ సేపు ఉండేది ల్యాబులో, ట్యాంకు పక్కన, సిరంజితో పీత కాలి మొదట్లోంచి రక్తం తీస్తూ, అది గడ్డకట్టేలోపు కొలుస్తూ. దానికి కెమిస్ట్రీ కావాలి, ఫిజిక్స్ కావాలి, స్టాటిస్టిక్స్ కావాలి, ఓపిక బోల్డు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, సైన్సులో పీహెచ్‌డీకి బయటి దేశాల్లో చాలా చోట్ల వాళ్ళే ఫీజు కట్టి స్టైపెండ్ ఇస్తారు. అలాంటప్పుడు డిగ్రీకే పొలం తాకట్టు పెట్టి పంపడం దేనికి? నాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే పంపింది, పిల్ల తెలివైందే, కానీ అప్పు తీర్చాలని సూపర్ మార్కెట్లో షిఫ్టులు చేసి చేసి ల్యాబులో అడుగుపెట్టే టైమే దొరక్క చివరికి వేరే లైనుకి మారిపోయింది. ఇక్కడ ఎమ్మెస్సీ దాకా చదివించండి, తర్వాత తన కాళ్ళ మీద తను వెళ్తుంది.

ఇక్కడ అంటే ఏంటంటే, బీఎఫ్ఎస్సీ నాలుగేళ్ళు, ఆక్వా ఉద్యోగాలకీ దాని పీజీ అయిన ఎంఎఫ్ఎస్సీకీ అది గట్టి దారి, తర్వాత కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్ఈలో చేపల పోషణ, బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీకి ఒక డివిజనే ఉంది, వాళ్ళ సెంటర్ ఒకటి మన కాకినాడలోనే ఉంది, చెన్నైలో సీఐబీఏ అనే పరిశోధన సంస్థ అయితే ఉప్పునీటి సాగు కోసమే పెట్టింది. నరాలూ హార్మోన్లూ లాంటి మూల ప్రశ్నలే కావాలంటే సైన్సు కోసమే ఉన్న కేంద్ర విద్యాసంస్థ తిరుపతి ఐసర్ లాంటి చోట డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ళ బీఎస్ఎంఎస్, అది రాకపోతే మంచి బీఎస్సీ చేసి ఆంధ్రా యూనివర్సిటీలోనో తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ. మీ మెసేజ్ చూస్తే నా మొగ్గు బీఎఫ్ఎస్సీకే, ఎందుకంటే మధ్యలో రీసెర్చ్ వద్దనుకున్నా చేతిలో ఉద్యోగం వచ్చే డిగ్రీ ఉంటుంది, మీరూ నిద్రపోతారు. ఎంట్రెన్సుల సంగతి పాపకే బాగా తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

డబ్బు గురించి దాచను. ఇది పదేళ్ళకి పైన పట్టే దారి. జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకి 37,000, పైన హెచ్ఆర్ఏ, రెండేళ్ళ తర్వాత 42,000. అది కూడా కొన్నిసార్లు నెలల తరబడి ఆలస్యమవుతుంది. పర్మనెంట్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అయినా ఈ సబ్జెక్టు వచ్చిన వాళ్ళకి మేత కంపెనీలూ హేచరీలూ ల్యాబులూ ఈ జిల్లాల్లోనే ఉన్నాయి, ఖాళీగా కూర్చునే చదువు కాదు. పెళ్ళి సంగతి మీరు అడగలేదు గానీ మనసులో ఉందని తెలుసు, పీహెచ్‌డీ చేస్తూ పెళ్ళి చేసుకున్నవాళ్ళు నా దగ్గరే చాలామంది ఉన్నారు, ఆ లెక్క ఇప్పుడు వెయ్యకండి.

కౌన్సెలింగ్‌లోపు టైముంది కదా, ఒక పని చెయ్యండి. వచ్చే అమావాస్యకి చెక్ ట్రే ఎత్తేటప్పుడు పాపని పిలవండి. ఎన్ని గుల్లలు, ఎన్ని మెత్తవి, నీటి ఉప్పెంత, ఆక్సిజన్ ఎంత, అన్నీ తననే ఒక నోట్‌బుక్‌లో రాయనివ్వండి, పౌర్ణమికి మళ్ళీ. రెండు నెలలు రాశాక కూడా ఎందుకు ఎందుకు అని అడుగుతూనే ఉంటే ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరూ కాకినాడ సీఐఎఫ్ఈ సెంటర్‌కి వెళ్ళండి, అక్కడి నుంచే నాకు ఫోన్ చెయ్యండి.