కల రాసేటప్పుడు, మనసు రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. ఒక మనిషి బుర్రలో జరిగేదాన్నే నవలగా రాయాలన్న నీ పట్టుదల నాకు బాగా నచ్చింది. ‘మన పాఠకులకు ఇది ఎక్కుతుందా’ అని అడిగావు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు, రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య, నవీన్ ‘అంపశయ్య’లో రవి చేసే పనులకంటే లోపల పడే యాతనే ఎక్కువ. వాళ్ళను తెలుగు పాఠకులు ఇప్పటికీ చదువుతున్నారు. అందుకని ఆ బెంగ వదిలెయ్. నీకు చెప్పదలచింది ఒక్కటే: మనసు గురించి వ్యాఖ్యానం చెయ్యకు, మనసులో దేని తర్వాత ఏది వస్తుందో ఆ వరుస పట్టుకో. కింద రాసేదంతా ఆ వరుస పట్టుకోవడం ఎలాగన్నదే.

ముందు మొదటి అధ్యాయం. నాలుగు పేజీల కల, చివర ‘ఉలిక్కిపడి లేచాడు’. అది అక్కణ్ణించి తీసెయ్. మనిషి ఎవరో తెలియకుండా అతని పీడకల చదివిస్తే, అతను ఏం పోగొట్టుకుంటాడోనన్న భయం పాఠకుడికి కలగదు. పైగా ‘ఇదంతా కల’ అనేసరికి అంతదాకా నమ్మి చదివినందుకు చిన్నబోతాడు, ఆ తర్వాత నువ్వు నిజం చెప్పినా అనుమానంగానే చూస్తాడు. కలని మూడో అధ్యాయం దాటాక పెట్టు. 300 మాటలకు మించనివ్వకు. రెండు వందల పేజీల నవలకి రెండు కలలు చాలు. అది కల అన్న సంగతి మొదటి రెండు వాక్యాల్లోనే తెలిసిపోతే ఇంకా మంచిది.

ఎర్రటి ఆకాశం, కరిగే గడియారాలు, ముఖం లేని మనుషులు, ఇవి నీ మనిషి కలలోవి కావు, ఎవరో వేసిన బొమ్మల్లోవి. కాల్విన్ హాల్, రాబర్ట్ వాన్ డి కాజిల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కాలేజీ విద్యార్థుల వెయ్యి కలలను మనుషులు, చోట్లు, పనులు, ఉద్వేగాల వారీగా విడగొట్టి 1966లో ప్రకటించారు. మనుషుల్లో దాదాపు సగం తెలిసినవాళ్ళే, చోట్లు ఎక్కువగా మామూలువే. ఉద్వేగాల్లో మాత్రం సంతోషంకంటే భయం, కంగారు, కోపం, దిగులు చాలా ఎక్కువ. కలలో నిజమైన వింత ఏమిటంటే, కలగనేవాడు ఆశ్చర్యపోడు. ఎప్పుడో పోయిన తాతయ్య మండపేట బస్సులో కిటికీ పక్కన కూచుని ‘టికెట్ తీసుకున్నావా’ అని అడుగుతాడు. ‘నువ్వు పోయావు కదా’ అని మనం అనం, జేబులో చిల్లర లేదని కంగారు పడతాం. ఆ చిల్లర దగ్గరే కల ఉంది.

కాబట్టి నీ కలలోంచి ‘హఠాత్తుగా’, ‘వింతగా’, ‘ఎలా వచ్చాడో తెలియదు కానీ’ అన్నవి వెతికి కొట్టెయ్. అవి మెలకువలో ఉన్నవాడి మాటలు. కలలో రథాలు లేవు, గుర్రాలు లేవు, దారులు లేవు, అన్నిటినీ తానే కల్పించుకుంటాడు అంటుంది బృహదారణ్యకోపనిషత్తు. ‘దారులు లేవు’ అన్నది గట్టిగా పట్టుకో. వంటింట్లోంచి అడుగు తీస్తే పరీక్ష హాలు రావాలి, మధ్యలో నడక ఉండకూడదు. చూడకుండానే తెలిసిపోవడం ఇంకొకటి: ఇల్లు మనది కాదు, ఎప్పుడూ చూడలేదు, అయినా మన ఇల్లే. దాన్ని వివరించకుండా అలాగే రాసెయ్.

ఇంకొకటి కూడా నీ అధ్యాయంలో కలగాపులగమైంది. తెల్లారి కల చెప్పేటప్పుడు మనవాళ్ళు ‘నేనేదో పెళ్ళికి వెళ్ళానట, మా పాత హెడ్మాస్టరు వడ్డిస్తున్నాడట’ అంటారు. పాత్ర తన కలని వేరేవాళ్ళకి చెబుతుంటే ఆ ‘ట’ ఉంచు. అప్పటికే మనిషి కలకి ఎడంగా జరిగాడని అది పట్టిస్తుంది. కల నడుస్తుండగా రాస్తున్నావా, ఒక్క ‘ట’ కూడా వద్దు. ‘వడ్డిస్తున్నాడు’ అని వర్తమానంలో రాయి.

ఇక నిద్ర లెక్క. రాత్రి పదిన్నరకి పడుకున్న నీ నాయకుడు పదకొండుకల్లా అంత కథ ఉన్న కల కనేసి, దానిలో ఉండగానే మంచం దిగి గదంతా పరిగెత్తాడు. అలా జరగదు. కనురెప్పల కింద కళ్ళు చకచకా కదిలే నిద్రని 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ గుర్తించారు. దాన్నే రెమ్ నిద్ర అంటున్నాం. నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తాలుగా సాగుతుంది, రాత్రికి నాలుగైదు. మొదటి ఆవృత్తంలో రెమ్ కొద్ది నిమిషాలే, తెల్లవారుజాముకి అరగంట దాకా పోతుంది. పొడుగాటి, కథలాంటి కలలు ఎక్కువగా అప్పుడే. ఆ సమయంలో కళ్ళూ ఊపిరి కండరాలూ తప్ప ఒళ్ళంతా వదులైపోయి ఉంటుంది, అందుకే కలలో పరిగెత్తేవాడు మంచం మీద కదలడు. నిద్రలో నడక సాధారణంగా రాత్రి మొదటి భాగంలో, గాఢ నిద్రలోంచి వస్తుంది, పిల్లల్లో ఎక్కువ. లేపి అడిగితే పెద్ద కథేమీ చెప్పలేరు. యాభై దాటిన మనిషి కలలో కొట్లాడుతూ పక్కనున్న భార్యని నిజంగానే గుద్దుతున్నాడంటే అది వైద్యుడికి చూపించాల్సిన జబ్బు, చాలామందిలో కొన్నేళ్ళ తర్వాత పార్కిన్సన్స్ లాంటి మెదడు జబ్బులు బయటపడతాయి. కాబట్టి నీ నాయకుణ్ణి నాలుగు గంటలకి కల కననీ, కదలకుండా కననీ.

నాలుగో అధ్యాయంలో నువ్వు రాసిన దయ్యం దృశ్యానికి అసలైన ఆధారం ఈ నిద్రలోనే ఉంది. మెలకువ వస్తుంది, కళ్ళు తెరుచుకుంటాయి, కానీ ఒళ్ళు ఇంకా వదులుగానే ఉండిపోతుంది. గుండెల మీద బరువు, గదిలో ఎవరో ఉన్నట్టు గట్టి నమ్మకం. ‘దయ్యం గుండెల మీద కూచుంది’ అని ఇంట్లో పెద్దవాళ్ళు అనేది దీన్నే. ఇది కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాలు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. అరుపు రాదు. నువ్వు అరిపించావు. అరుపు తీసేసి, కదిలే కళ్ళతో అతను చూడగలిగింది మాత్రం రాయి: ఫ్యాను, తలుపు గొళ్ళెం, దండెం మీది చొక్కా. భయం దానంతట అదే వస్తుంది.

ఇవన్నీ చదివి తెలుసుకుంటే చాలదు, కలల నోట్‌బుక్ పెట్టు. తలగడ పక్కన రూళ్ళు లేని పుస్తకం, పెన్సిలు. మెలకువ రాగానే కదలకు, కళ్ళు తెరవకు, ఫోను అస్సలు ముట్టుకోకు. పక్కకి తిరిగినా సగం పోతుంది. చివర గుర్తున్న బొమ్మ నుంచి వెనక్కి వెళ్ళు: దీనికి ముందు ఎక్కడున్నాను, దానికి ముందు ఎవరున్నారు. నాలుగైదు ముక్కలు పట్టుకున్నాక లేచి, ముందు ఆ ముక్కల్నే రాసి, తర్వాత వాక్యాలు చెయ్యి. కిందన మూడు సంగతులు: ఎన్నింటికి లేచావు, ఏ భావంతో లేచావు, నిన్న జరిగినవాటిలో ఇందులోకి వచ్చింది ఏది. ఈ మూడోది తప్పకుండా రాయి. నిన్నటి చిల్లర సంగతులు ఈ రాత్రి కలకి ముడిసరుకవుతాయని మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ చూపించాడు. అతని వ్యాఖ్యానాలన్నీ ఒప్పుకోనక్కరలేదు, నేనూ ఒప్పుకోను, కానీ ఈ ఒక్క గమనింపు రచయితకి పెద్ద ఆస్తి. రెండోది, మనం కలని చెప్పేటప్పుడే అతుకులు కనబడకుండా సర్దేస్తామన్నాడు. నోట్‌బుక్‌లో ‘ఆ తర్వాత’, ‘అందువల్ల’ వస్తున్నాయంటే నువ్వు సర్దుతున్నట్టే. కలల మీద అతని పుస్తకం 1899 నవంబరులో వచ్చింది. మొదట వేసిన 600 ప్రతులు అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ప్రచురణకర్త దొరకలేదని రాశావు కదా, అందుకని చెబుతున్నాను.

మెలకువలో ఉన్న మనసు రాయడం ఇంతకంటే కష్టం. నీ రెండో అధ్యాయంలోది ఇది: ‘రమణమ్మ మనసు గతంలోకి జారుకుంది. తల్లి గుర్తుకొచ్చింది. ఆలోచనలు పరిపరి విధాల పోయాయి.’ ఇందులో మనసు లేదు, మనసు గురించిన కబురు ఉంది. దీన్నే ఇలా చూడు:

‘పాలు పొంగొస్తున్నాయి. సిమ్‌లో పెట్టాలి. అమ్మ గిన్నె వంక చూసేదే కాదు, చెవితో పట్టేసేది. ఆ రోజు పట్టలేదు. తను అవతలి గదిలోంచి వచ్చేసరికి పాలన్నీ గట్టు మీద. అమ్మ స్టూలు మీద కూచుని అలా చూస్తోంది, ఎవరింట్లోనో పొంగినట్టు. సిమ్. సిమ్‌లో పెట్టాలి.’

మూడు భాగాలున్నాయి. తగిలేది: పాల చప్పుడు. లాక్కెళ్ళేది: అమ్మ చెవి, అక్కణ్ణించి అమ్మ మతిమరుపు మొదలైన రోజు. వెనక్కి తెచ్చేది: ఆగని స్టవ్. తగిలేది కంటికో చెవికో ముక్కుకో ఒంటికో అందేదై ఉండాలి. వెనక్కి తెచ్చేది లేకపోతే జ్ఞాపకం అధ్యాయమంతా తినేస్తుంది. ‘గుర్తుకొచ్చింది’, ‘అనుకుంది’ ఎక్కడా లేవు చూడు. ‘ఆమె’ అనడానికి బదులు ‘తను’ అన్నాం, అంతటితోనే పాఠకుడు రమణమ్మ లోపలికి వెళ్ళిపోయాడు. ఒకే పేరాలో ‘ఆమె’, ‘తను’ రెండూ ఆమెకే వాడితే లోపలా బయటా కాకుండా పోతుంది. నీ ప్రతిలో అలాంటివి చాలా ఉన్నాయి, పెన్సిలుతో గీశాను.

1890లో ఆలోచనని ప్రవాహమన్న అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్, అది పక్షిలా కాసేపు ఎగురుతుంది, కాసేపు వాలుతుంది అన్నాడు. కొత్తగా రాసేవాళ్ళు వాలిన చోట్లే రాస్తారు: బాధ, పశ్చాత్తాపం, నిర్ణయం. పాల నుంచి చెవికి, చెవి నుంచి స్టూలుకి దూకే చోట చుక్కలు పెట్టి వదిలేస్తారు. మూడు చుక్కలు పేజీకి ఒకసారి మించి కనబడితే, అక్కడ ఆ దూకడం రాయకుండా తప్పించుకున్నావని లెక్క.

కాలానికి హద్దు పెట్టుకో. ‘అంపశయ్య’ అంతా ఉస్మానియా క్యాంపస్‌లో ఒక విద్యార్థి పదహారు గంటల మెలకువే. నీది మూడేళ్ళ కథ, అందుకే మనసు పలచబడింది. ఒక్క శుక్రవారం చాలు. మిగతా మూడేళ్ళూ జ్ఞాపకాలుగా వస్తాయి.

ఒకే జ్ఞాపకం మూడుసార్లు వస్తే మూడుసార్లూ ఒకేలా ఉండకూడదు. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వవేత్త ఇంగ్లీషువాళ్ళకి అమెరికా ఆదివాసుల కథ ఒకటి చదివించి, కొంత కాలం విడిచి మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. ప్రతిసారీ కథ చిన్నదై, తెలియనివి పోయి, వాళ్ళకి తెలిసిన వస్తువులు వచ్చి చేరాయి. 1932లో ఆ ఫలితాలు అచ్చేశాడు. మన మనిషీ అంతే. మొదటిసారి నాన్న చెయ్యెత్తాడు, రెండోసారి కొట్టాడు, మూడోసారి కొట్టింది నాన్న కాదు. ఏది నిజమో నువ్వు తేల్చక్కరలేదు, కానీ ఏ మార్పు ఎందుకు వచ్చిందో నీకు తెలిసుండాలి.

వేదాంతం చెప్పే పెద్దాయన ఆరు పేజీలు మాట్లాడాడు. జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయాలను, అంటే మెలకువ, కల, గాఢ నిద్ర, ఆ మూడూ దాటిన నాలుగో స్థితి, వీటిని మాండూక్యోపనిషత్తు 12 మంత్రాల్లోనే చెప్పింది. ఆయన చేత రెండు వాక్యాలు అనిపించి, మిగతాది రమణమ్మకి నిద్ర పట్టని రాత్రిలోకి పంపు.

చివరిది ఆసుపత్రి అధ్యాయం. దీన్ని ఉన్నదున్నట్టు అచ్చుకి ఇవ్వద్దని గట్టిగా అడుగుతున్నాను. స్కిజోఫ్రినియా అంటే ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు కాదు. అది వేరే సమస్య. స్కిజోఫ్రినియాలో ఎక్కువగా గొంతులు వినిపిస్తాయి: ‘చూడు, ఇప్పుడు లేస్తున్నాడు, తలుపు దగ్గరికెళ్తున్నాడు’ అని అతని గురించే పక్కనుంచి చెప్పుకుంటున్నట్టు. ఉన్నట్టుండి మనుషులూ పురుగులూ కళ్ళకి కనబడటం మొదలైతే డాక్టర్లు ముందు జ్వరం, తాగుడు మానేయడం లాంటి ఒంటి కారణాలు వెతుకుతారు. రోజూ తాగేవాడు మానేసిన రెండు నుంచి నాలుగు రోజుల్లో వచ్చే సన్నిపాతం, అంటే మతి చెదిరి లేనివి కనబడటం, ప్రాణాంతకం కూడా. కాళ్ళూ చేతులూ కట్టి, మత్తు లేకుండా కరెంటు షాక్ ఇచ్చినట్టు రాశావు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తూ కండరాలు సడలించే మందూ లేకుండా ఆ చికిత్స చెయ్యడాన్ని నిషేధించింది. నీ కథ నడిచేది 2022లో. ఆ దృశ్యం చదివి భయపడి, వైద్యం అవసరమైన తమ్ముణ్ణో చెల్లెల్నో ఆసుపత్రికి తీసుకెళ్ళడం మానుకునే కుటుంబాలు మన ఊళ్ళలో ఉన్నాయి.

ముందు రెండో అధ్యాయం తిరగరాసి పంపు. ఆసుపత్రి అధ్యాయాన్ని ఒక సైకియాట్రిస్టు చేత చదివించాకే పంపు. కల సంగతి నోట్‌బుక్ నెల రోజులు నిండాక చూద్దాం.

ఆశీస్సులతో