‘సర్వర్ రీస్టార్ట్ చేస్తా’ అన్నాను, ఇంటర్వ్యూ పోయింది... ఇప్పుడు జావాకి మారాలా?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లెటూరు. బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక అమీర్‌పేటలో ఉండి నాలుగు నెలలు లినక్స్, డెవాప్స్ (సర్వర్లు నడపడం, సాఫ్ట్‌వేర్‌ను వాటిపైకి చేర్చడం) కోర్సు చేశాను. పోయిన వారం ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో ‘కస్టమర్ సైట్ తెరిస్తే టూ మెనీ రీడైరెక్ట్స్ అని వస్తోంది, ఏం చేస్తావు?’ అని అడిగారు. సర్వర్ రీస్టార్ట్ చేస్తానన్నాను. ‘అప్పటికీ పోకపోతే?’ అన్నారు. నోట మాట రాలేదు. నాన్న ఇదంతా మానేసి జావా ఫుల్ స్టాక్‌లో చేరమంటున్నారు. మళ్ళీ ఫీజు అంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే ఫీజు కట్టకండి. ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయినందుకు లైను మార్చుకోవాల్సిన పని లేదు. పైగా ఆ ప్రశ్న అడిగినాయనకు కావలసింది సరైన జవాబు కాదని నా అనుమానం. మీరు ఎక్కడి నుంచి వెతకడం మొదలుపెడతారో చూద్దామనుకుని ఉంటారు.

రీస్టార్ట్ అనడం మరీ అంత తప్పేమీ కాదు. కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఆరేళ్ళు నేనూ సర్వర్లు చూశాను. అర్ధరాత్రి ఫోన్ వస్తే నేను మొదట చేసిందీ చాలాసార్లు అదే. కానీ ఇది రీస్టార్ట్‌తో పోయే జబ్బు కాదు. తప్పు కాన్ఫిగ్ ఫైల్లో, అంటే సెట్టింగులుండే ఫైల్లో రాసి ఉంది. సర్వర్‌ను పది సార్లు లేపినా ఆ ఫైలే చదువుకుని అదే పని చేస్తుంది.

అసలు సంగతి చూద్దాం. రీడైరెక్ట్ అంటే బ్రౌజర్‌ను ఇంకో అడ్రసుకు పొమ్మని తిప్పి పంపడం. చాలా చోట్ల సైట్‌కి ముందు ఒక సర్వర్, వెనక ఒక సర్వర్ ఉంటాయి. ముందున్నది ఇంజిన్‌ఎక్స్ కావచ్చు, అపాచీ కావచ్చు. అది బ్రౌజర్ నుంచి వచ్చిన రిక్వెస్ట్‌ను 443 పోర్టులో (పోర్టు అంటే సర్వర్‌కుండే నంబరు తలుపు) అందుకుని, తాళం విప్పి, అంటే గుప్తంగా వచ్చినదాన్ని మామూలుగా మార్చి, వెనక అప్లికేషన్ నడిపే సాఫ్ట్‌వేర్‌కు, 8080లో ఉన్న టామ్‌క్యాట్‌కో 3000లో ఉన్న నోడ్‌కో అందిస్తుంది. రివర్స్ ప్రాక్సీ అని మీ కోర్సులో చెప్పే ఉంటారు. గుమ్మం దాకా తాళం వేసిన హెచ్‌టీటీపీఎస్, లోపల తాళం లేని మామూలు హెచ్‌టీటీపీ. వెనకున్న అప్లికేషన్‌కు గుమ్మం దగ్గర ఏం జరిగిందో తెలియదు. ‘నువ్వు హెచ్‌టీటీపీలో వచ్చావు, హెచ్‌టీటీపీఎస్‌లో రా’ అని తిప్పి పంపుతుంది. బ్రౌజర్ మళ్ళీ హెచ్‌టీటీపీఎస్‌లోనే వస్తుంది, ప్రాక్సీ మళ్ళీ తాళం విప్పే లోపలికి ఇస్తుంది, అప్లికేషన్ మళ్ళీ అదే మాట అంటుంది. రెండో కౌంటరులో ‘ఒకటో కౌంటరు ముద్ర ఏదీ?’ అంటారు. ఒకటో కౌంటరు వాళ్ళేమో ముద్ర వేసి, ఆ కాగితం తమ దగ్గరే పెట్టుకుని, మనల్ని ఉత్త చేతులతో మళ్ళీ రెండో కౌంటరుకే పంపుతారు. అచ్చం అలాగే. క్రోమ్ 20 సార్లు తిరిగి చేతులెత్తేస్తుంది. ఆ మెసేజ్ అప్పుడు వచ్చేదే.

మందు చిన్నది. ‘ఈ రిక్వెస్ట్ అసలు హెచ్‌టీటీపీఎస్‌లోనే వచ్చింది’ అని ప్రాక్సీ వెనక్కి చెప్పాలి. అందుకు ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో అనే హెడర్ (రిక్వెస్ట్‌తో పాటు వెళ్ళే చిన్న చీటీ) వాడతారు. ప్రాక్సీ దాన్ని పంపాలి, అప్లికేషన్ దాన్ని నమ్మేలా సెట్ చేయాలి. ఈ రెండో సగం మర్చిపోయి గంటల తరబడి జుట్టు పీక్కునేవాళ్ళను చూశాను. సైట్ ముందు ప్రాక్సీలా నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ సేవ వాడే సైట్లో ఎస్‌ఎస్‌ఎల్ మోడ్ ‘ఫ్లెక్సిబుల్’లో (అంటే వెనక సర్వర్‌కు మామూలు హెచ్‌టీటీపీలోనే పంపేలా) ఉండి, వెనక సర్వర్ హెచ్‌టీటీపీఎస్‌కే రమ్మని తిప్పుతున్నా ఇదే గొడవ.

ఇంటర్వ్యూలో ఇదంతా చెప్పక్కర్లేదు. ‘బ్రౌజర్ పక్కన పెట్టి, కర్ల్ కమాండ్‌తో హెడర్లు మాత్రం తెప్పిస్తాను. స్టేటస్ కోడ్ ఎంతో, లొకేషన్ హెడర్ ఎక్కడికి పొమ్మంటోందో చూస్తాను. వచ్చిన చోటికే పొమ్మంటే, సర్వర్‌లోకి లాగిన్ అయి నేరుగా 8080నే అడుగుతాను. ఆ మాట అంటున్నది ప్రాక్సీయా, అప్లికేషనా అప్పుడు తేలుతుంది’ అని ఉంటే చాలు. కారణం తెలియకపోయినా, రిక్వెస్ట్ ఎక్కడ ఆగిందో వెతకడం తెలిసినవాడని అర్థమయ్యేది.

502, 504 అనే ఎర్రర్ కోడ్‌లు కూడా అంతే. రెండూ ముందున్న ప్రాక్సీ చెప్పే మాటలే, అర్థాలు వేరు. 502 అంటే వెనక తలుపు కొడితే సరైన జవాబు రాలేదని. ప్రాసెస్ ఆగిపోయి ఉండొచ్చు, పోర్టు నంబరు తప్పు రాసి ఉండొచ్చు. రెడ్‌హ్యాట్ కుటుంబపు లినక్స్‌లో అయితే ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా కాపలా అడ్డుకుని ఉండొచ్చు, అప్పుడు ఎర్రర్ లాగ్‌లో పర్మిషన్ డినైడ్ అని కనిపిస్తుంది. (చాలామంది ఎస్‌ఈలినక్స్‌నే ఆపేసి ‘అయిపోయింది సార్’ అంటారు. ఇంటర్వ్యూలో మాత్రం అనకండి.) 504 అంటే వెనకవాడు ఉన్నాడు కానీ టైముకి జవాబివ్వలేదని. ఇంజిన్‌ఎక్స్ మామూలుగా 60 సెకన్లు చూస్తుంది. ఆ 60ని 300 చేస్తే ఎర్రర్ కనబడటం తగ్గుతుంది, డేటాబేస్‌లో నత్తలా నడుస్తున్న క్వెరీ మాత్రం అలాగే ఉంటుంది. ఇంటర్ ఫలితాల రోజు సైటు తెరుచుకోక తిట్టుకున్నప్పుడు అక్కడ కనిపించిన నంబరు ఏమిటో ఈసారి గమనించండి.

రీడైరెక్ట్‌ల విషయంలో నా సొంత గొడవ ఒకటి. ఒక కస్టమర్ సైట్‌ను రెండు రోజులు మెయింటెనెన్స్ పేజీకి మళ్ళించమన్నారు. తాత్కాలికం కాబట్టి 302 పెట్టాలి, నేను 301 పెట్టాను. రెండు రోజులయ్యాక ఆ లైను తీసేశాను. ప్రైవేట్ విండోలో చూస్తే సైట్ బ్రహ్మాండంగా ఉంది. కస్టమర్‌కేమో ఇంకా మెయింటెనెన్స్ పేజీయే. సగం రోజు సర్వరంతా వెతికాను. చివరికి తప్పు సర్వర్‌లో లేదు, ఆయన బ్రౌజర్‌లో ఉంది. 301 అంటే శాశ్వతంగా మారిపోయామని కదా, బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుంది.

ఇలాంటివి కోర్సులో రావు, ఎందుకంటే అక్కడ అన్నీ పనిచేసేవే చూపిస్తారు. మీరు ఇంట్లో చెడగొట్టి నేర్చుకోండి. ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్, అందులో ఉబుంటు, పైసా ఖర్చు లేదు. టామ్‌క్యాట్ ఆపేసి 502 తెప్పించండి. ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో, రిక్వెస్ట్‌ను వెనక ఎక్కడికి పంపాలో చెప్పే ప్రాక్సీ పాస్ లైను చివర స్లాష్ ఒకసారి పెట్టి, ఒకసారి తీసి, వెనక్కి వెళ్ళే అడ్రసు ఎలా మారుతుందో లాగ్‌లో చూడండి. ఈ ఒక్క స్లాష్ వల్ల వచ్చే 404లకు (పేజీ దొరకలేదు) లెక్కలేదు. సైట్ ఫైళ్ళు మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టి 403 (అనుమతి లేదు) తెప్పించండి. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్ లోపలికి బయటి యూజర్లకు దారి లేదు, వెబ్ సర్వర్ బయటి యూజరే కదా. కాన్ఫిగ్ మార్చిన ప్రతిసారీ ముందు మైనస్ టి (-t) ఆప్షన్‌తో పరీక్షించి, తర్వాత రీలోడ్ చేయడం అలవాటు చేసుకోండి. ప్రతి తప్పుకీ నోట్‌బుక్‌లో మూడు ముక్కలు చాలు: ఏం కనిపించింది, లాగ్ ఏమంది, ఏం చేస్తే పోయింది. ఇరవై అయ్యాక మళ్ళీ ఇంటర్వ్యూలకు వెళ్ళండి.

ఇక నాన్నగారి మాట. ఆయన భయం తీసిపారేసేది కాదు. డెవాప్స్‌లో ఫ్రెషర్లను నేరుగా తీసుకునేవాళ్ళు తక్కువ. మీరు వెతకాల్సిన పేర్లు వేరు: హోస్టింగ్ సపోర్ట్, లినక్స్ ఎల్1 (మొదటి స్థాయి సపోర్ట్), ఎన్ఓసీ (నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే విభాగం), అప్లికేషన్ సపోర్ట్. రెండేళ్ళు అక్కడ టికెట్లు (కస్టమర్ల ఫిర్యాదులు) చూసినవాడికి డెవాప్స్ తలుపు తెరుచుకుంటుంది. ఈ పనికి రేపు విలువ ఉంటుందా అని ఆయన అడిగితే ఇలా చెప్పండి: అపాచీ 1995లో, ఇంజిన్‌ఎక్స్ 2004లో వచ్చాయి, ఈ రోజుకీ రెండూ నడుస్తున్నాయి, 301, 502లకు అర్థం మారలేదు. జావా మాత్రం పూర్తిగా వదలొద్దు. చిన్న స్ప్రింగ్ బూట్ అప్లికేషన్ ఒకటి 8080లో నడిపి, ముందు ప్రాక్సీ పెట్టి, దాని ఎర్రర్ చదవగలిగేంత నేర్చుకోండి. అందుకు ఫుల్ స్టాక్ ఫీజు అక్కర్లేదు.

సర్టిఫికెట్‌కే డబ్బు పెట్టాలనుకుంటే రెడ్‌హ్యాట్ వారి లినక్స్ అడ్మిన్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ చూడండి. అందులో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు, సిస్టమ్ ముందు కూర్చోబెట్టి పని చేయిస్తారు, ఎస్‌ఈలినక్స్ కూడా అందులో ఉంది. ఉద్యోగం వచ్చాక రాసినా నష్టం లేదు.

ఒక్కటి మాత్రం ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. సపోర్ట్ ఉద్యోగమంటే నైట్ షిఫ్టులు దాదాపు తప్పవు. ఆఫర్ వచ్చినప్పుడు షిఫ్ట్ అలవెన్స్ విడిగా ఇస్తారా, రాత్రి క్యాబ్ ఉంటుందా, వారానికి ఎన్ని నైట్లు అని మొహమాటపడకుండా అడగండి.