‘అంటే డీజేనా?’

(సంగీతం మీద పాఠకుల ప్రశ్నలకు, ముప్ఫై ఏళ్ళు ఆర్కెస్ట్రాలో హార్మోనియం, ఆ తర్వాత కీబోర్డు వాయించిన అమలాపురం మాస్టారి జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, మాది అంబాజీపేట దగ్గరండి. ఐదుగురం. గిటారు, కీబోర్డు, డ్రమ్స్, మా బాబాయి సన్నాయి, నేను పాడతాను. సరుకు లేనప్పుడు కొబ్బరికాయల గోడౌనులో ప్రాక్టీసు చేసుకుంటాం. సొంత పాటలు తొమ్మిది తయారయ్యాయి. మొన్న పక్క ఊరి ఉత్సవ కమిటీ వాళ్ళు కాగితం ఇచ్చి, మాది ఏ తరహా సంగీతమో ఒక్క లైనులో రాయమన్నారు. గిటారు వాడు ఇండీ రాక్ అన్నాడు. కీబోర్డు వాడు రెగ్గే అన్నాడు. బాబాయి ‘సన్నాయే కదరా’ అన్నాడు. గొడవెందుకని నేను ‘ఫ్యూజన్’ అని రాసిచ్చాను. ప్రెసిడెంటు గారు చదివి ‘అంటే డీజేనా?’ అన్నారు. నాకు నోట మాట రాలేదండి. ఏం రాయాలి?
– పేరు వద్దు, అంబాజీపేట

జవాబు: ముందు ఆ ప్రెసిడెంటు గారిని వెటకారం చేయకండి. ఆయన అడగాల్సిందే అడిగారు. జనం కుర్చీల్లో కూర్చుంటారా, లేచి ఎగురుతారా, బాక్సులు ఎన్ని తెప్పించాలి, పదింటికల్లా ముగుస్తుందా... ఆయన తలనొప్పులు ఇవి. ‘ఫ్యూజన్’ వీటిలో ఒక్కదానికీ జవాబు కాదు.

1970ల్లో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం ఒకే వేదిక మీద కూర్చుని ‘శక్తి’ పేరుతో వాయించినప్పుడు ఆ మాటకు బరువుండేది. ఏది దేనితో కలిసిందో కంటికీ చెవికీ తెలిసేది. ఇప్పుడు నూడుల్స్‌లో గోంగూర కలిపినా ఫ్యూజనే. ఇక ‘ఇండీ’ అన్నది మొదట్లో పెద్ద కంపెనీల జోలికి పోకుండా పాటలు విడుదల చేసుకునే పద్ధతికి పేరు. పాట ఎలా ఉంటుందో అందులో లేదు. రెగ్గే 1960ల చివర జమైకాలో పుట్టింది. దాని గుర్తు, గిటారు దెబ్బ మీద కాకుండా దెబ్బకీ దెబ్బకీ మధ్య పడటం. మీ కీబోర్డు అబ్బాయి తొమ్మిది పాటల్లోనూ అలాగే వాయిస్తాడా? ఒక్క పాటలో వాయించి ఉంటాడు, అది బాగా వచ్చి ఉంటుంది. మీ ఐదుగురిలో చెవికి వినపడేదేదో చెప్పింది బాబాయి ఒక్కరే.

నా సంగతి చెబుతాను. మా ఆర్కెస్ట్రా కొత్తల్లో నరసాపురం దగ్గర ఒక ఊళ్ళో ప్రోగ్రాం ఒప్పుకున్నాం. మోహన రాగంలో నాలుగు సొంత పాటలు కట్టి, వెనక గిటారు పెట్టామన్న ధైర్యంతో పోస్టరు మీద ‘వెస్ట్రన్ మ్యూజిక్ నైట్’ అని వేయించాను. రెండో పాట అయ్యేసరికి ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి, ‘ఏవండీ, ఇంగ్లీషు పాటలు ఎప్పుడు మొదలెడతారు?’ అని అడిగింది. జనం ఒకటే నవ్వు. కమిటీ వాళ్ళు అడ్వాన్సు పోను మిగతాది సగమే ఇచ్చారు. నేను గట్టిగా అడగలేకపోయాను.

తెల్లారుతుండగా సామాను సర్దుకుంటున్నాం. సఖినేటిపల్లి వైపు గోదావరి దాటించే మొదటి పంటు పట్టుకోవాలి. మైకు సెట్టు ఓనరు వచ్చి, రాత్రంతా అక్కడే ఉన్న తన కుర్రాణ్ణి ‘ఎలా జరిగిందిరా, ఏం పాటలు?’ అని అడిగాడు. వాడు వైర్లు మోచేతికి చుట్టుకుంటూ, మేం వింటున్నామని కూడా చూసుకోకుండా చెప్పాడు: ‘సినిమా పాటలు కాదండి. పంటు ఇంజను కొడుతుంటే దాని మీద క్లారినెట్టు ఊదినట్టుందండి. పెద్దోళ్ళు కూర్చునే విన్నారు. కుర్రోళ్ళు కాసేపు కాళ్ళాడించి టీకెళ్ళిపోయారు.’

రెండు రోజులు మండిపోయింది నాకు. తర్వాత ఆలోచిస్తే మా డ్రమ్మరుది సఖినేటిపల్లి రేవే. వాడి చేతిలో ఆ డీజిలు ఇంజను దడదడ ఎప్పుడు చేరిందో వాడికే తెలియదు. క్లారినెట్టు పైన తేలుతుందన్నదీ నిజమే. తర్వాతి కరపత్రంలో ‘పంటు ఇంజను దరువు మీద క్లారినెట్టు పాటలు. సొంతవి. కూర్చుని వినేవి’ అని వేశాను. ఆ పంటు పాట వాయిస్తారా అని అడుగుతూ వచ్చారు జనం. అసలు ఆ పేరుతో పాటే లేదు, కట్టాల్సి వచ్చింది!

కాబట్టి మీరూ తొమ్మిది పాటలకూ కలిపి ఒక్క పేరు వెతక్కండి. ఎక్కువసార్లు అడిగించుకున్న పాట ఒక్కటి తీసుకోండి. మీకు మొహమాటపడే అవసరం లేని మనిషికి, గోడౌనులో కాయలు లెక్కపెట్టే వాళ్ళకైనా సరే, వినిపించండి. ‘ఎలా ఉంది’ అని అడగొద్దు, బాగుందంటారు. ‘ఇంటికెళ్ళి దీని గురించి ఏమని చెబుతావు’ అని అడగండి. వాళ్ళు అన్నది అన్నట్టు రాసుకోండి. నచ్చకపోయినా దిద్దకండి.

మీ ఉత్తరంలో నాకు తెలియనిది ఒకటుంది. పాటను నడిపేది సన్నాయా, గిటారా? సన్నాయికి శ్రుతి దాని పొడవును బట్టి ఉంటుంది, మనం అడిగినట్టు మారదు. బాబాయిది రెండు శ్రుతి అయితే, అంటే కీబోర్డు వాళ్ళ డి, గిటారే అక్కడికి రావాలి. అంటే ఇల్లు సన్నాయిది, గిటారు చుట్టం. ఇంకో పరీక్ష. గిటారు అబ్బాయిని వాడి రాక్ ముక్క ఒకటి నెమ్మదిగా వాయించమనండి. రాక్ వాయించే కుర్రాళ్ళు మొదట పట్టుకునే ఐదు స్వరాలు చాలాసార్లు స గ మ ప ని. అది మన శుద్ధ ధన్యాసి. బాబాయిని అదే రాగం ఎత్తుకోమనండి. ఒకరు తీగ సాగదీస్తారు, ఇంకొకరు గమకం వేస్తారు, అంటే స్వరాన్ని ఊపుతారు. ఇద్దరూ ఒకే స్వరం దగ్గర కలుసుకుంటే మీ సంగీతం అక్కడుంది. రాగం పేరు మాత్రం కమిటీకి రాయకండి, మాలాంటి వాళ్ళకు చెప్పండి.

‘మట్టి వాసన’, ‘గోదావరి గలగలలు’ కూడా వద్దు బాబూ. కొబ్బరి గోడౌనులో వాయించినంత మాత్రాన పాటకు కొబ్బరి వాసన రాదు.

కమిటీ కాగితం మీద నేనైతే ఇలా రాస్తాను. నిజం కానిది కొట్టేసుకోండి: ‘సన్నాయి ముందు, గిటారు వెనక. సొంత తెలుగు పాటలు తొమ్మిది, గంట సేపు. కూర్చుని వినేవి, చివరి రెంటికీ లేవొచ్చు. డీజే కాదు.’ ‘సొంత’ అన్నది మర్చిపోతే మూడో పాటకే సినిమా పాట కావాలని చీటీలొస్తాయి. మైకు వాళ్ళకు వేరే కాగితం ఇవ్వండి, సన్నాయికి మైకు దూరంగా పెట్టమని.

ప్రశ్న: పోస్టరు మీద ‘బ్యాండ్’ అని చూసి పెళ్ళి ఊరేగింపులకు రమ్మని ఫోన్లు చేస్తున్నారు. మేం గిటార్ల వాళ్ళం. టెన్షన్‌గా ఉంది. పేరు మార్చుకోవాలా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మన వైపు ఆ మాట ముందు బ్యాండు మేళం వాళ్ళది. మీరు తర్వాత వచ్చారు, సర్దుకోండి. పేరు ఉంచి, కింద ‘నిలబడి వాయిస్తాం, నడవం’ అని వేయించండి. అయినా ఫోన్లు ఆగకపోతే ఆ నంబర్లు నాకు పంపండి. మా పాత క్లారినెట్టాయన ఇంకా నడుస్తున్నాడు.