ముందు బీరువా తాళాలు తియ్యి

చి. అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

లైబ్రరీకి ఎవరూ రావట్లేదని మెసేజ్ పెట్టావు. పొద్దున పేపర్ చదివే పెద్దలు నలుగురు, గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలు ఆరుగురు అని నువ్వే రాశావు. పదిమంది వస్తుంటే ఎవరూ రానట్టెలా అవుతుంది?

ముందు బీరువాల తాళాలు తియ్యి. ఎందుకు వేస్తామో నాకు తెలుసు, పుస్తకం పోతే జీతంలోంచి కట్టాలని భయం. నేనూ ఆరేళ్లు తాళంచెవి జేబులో వేసుకుని తిరిగినవాణ్ణే. ఒక వేసవిలో ఒక పిల్లాడు బీరువా అద్దానికి ముక్కు ఆనించి "సార్, ఆ ఏనుగు బొమ్మ పుస్తకం" అన్నాడు. రిజిస్టర్ రాస్తూ తల ఎత్తకుండా సాయంత్రం రా అన్నాను. వాడు మళ్లీ రాలేదు. అద్దం మీద వాడి ముక్కు మరక మాత్రం రెండు రోజులుంది. ఆ తర్వాత తాళం వెయ్యలేదు. ఏడాదిలో పోయినవి పదకొండు పుస్తకాలు, అందులో నాలుగు ఎవరో చడీచప్పుడు లేకుండా తెచ్చి పెట్టేశారు. తాళం వేసి భద్రంగా దాచినన్నాళ్లూ చెదలు తిన్నవి అంతకంటే ఎక్కువ!

జనం తిరిగిచ్చిన పుస్తకాలు వెంటనే అరల్లో సర్దెయ్యకు. గుమ్మం పక్కన బల్ల మీద రెండు రోజులు ఉంచు. వచ్చినవాళ్లు ముందు వాటినే తిరగేస్తారు. పక్కవాడు చదివిందంటే మనకి ఆశ కదా.

పోటీ పరీక్షల పిల్లలు సొంత పుస్తకాలు తెచ్చుకుంటారని విసుక్కోకు. వాళ్లకి ఫ్యాను, లైటు, మంచినీళ్లు చూడు. ఆదివారం ఒక అరగంట చిన్నపిల్లలకి కథ చదివి వినిపించమని వాళ్లలో ఒకరిని అడుగు. కాదనరు.

ఆడవాళ్లు రారంటావు. వాళ్లున్న చోటికి నువ్వే వెళ్లు. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువలో పడవ మీద లైబ్రరీ నడిపించారు. నీకు పడవ అక్కర్లేదు, డ్వాక్రా మీటింగ్ రోజున సంచిలో ఇరవై పుస్తకాలు పట్టుకెళ్తే చాలు. వంటల పుస్తకాలు, నవలలు, పిల్లల కథలు కలిపి. డిపాజిట్ సంగతి మొదటి రోజే ఎత్తకు, పేరూ పుస్తకం నంబరూ రాసుకుని ఇచ్చెయ్.

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎలాగూ చెయ్యాలి. చెయ్యి. కానీ దండలకీ ఫ్లెక్సీలకీ పోసే డబ్బులో కొంత మిగిల్చి పిల్లల పుస్తకాలు కొను. ఆ వారం ఫొటోలో కనిపించే పెద్దమనుషుల్లో ఒక్కరైనా తర్వాత పుస్తకం తీసుకెళ్లగా నా సర్వీసులో చూడలేదు.

సంక్రాంతికి మీ ఊరొస్తాను. వచ్చాక నీ రిజిస్టర్లూ అవీ చూడను. ఆడపిల్లల బాత్‌రూమ్‌లో నీళ్లొస్తున్నాయా, తలుపుకి గడియ ఉందా అని చూస్తాను. అది లేకనే సగం మంది మధ్యాహ్నానికల్లా ఇంటికెళ్లిపోతారు.

మీ బాబాయి