మొదటి కాన్పు సిజేరియన్, ఇప్పుడు మాయ కిందికుందన్నారు: తర్వాతి స్కాన్‌లో ఏమేం చూడమని అడగాలి?

ఆదోనిలో 20వ వారంలో చేయించిన టిఫా (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) రిపోర్టులో మాయ ముందు గోడకు ఉందని, గర్భసంచి మూతికి 12 మి.మీ. దూరమని రాశారని, మీ ఆవిడను మంచం దిగొద్దన్నారని అడిగారు. ఈ స్కాన్లు రోజూ చేసే అనుభవంతో చెప్తున్నాను.

మూతికి 20 మి.మీ. లోపు ఉంటే మాయ కిందికుందంటాం. ఈ వారాల్లో అలా కనబడినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమందిలో నెలలు నిండేసరికి సర్దుకుంటుంది. గర్భసంచి కింది భాగం సాగుతుంది కాబట్టి దూరం పెరుగుతుంది, అంతే. పాత సిజేరియన్ ఉంటే ఆ అవకాశం కాస్త తగ్గుతుంది. 12 అన్న అంకెకు ఇప్పుడే బెంగపడకండి. మీరు పట్టుకోవాల్సింది ఇంకొకటి: మాయ పాత కోత మచ్చ మీద ఉందా? ఉంటే పైపైన అంటుకుందా, గర్భసంచి కండలోకి దిగిందా? మాయ మూతిని కప్పేసి, అంతకుముందు ఒక సిజేరియన్ అయ్యుంటే అలా దిగే ప్రమాదం నూటికి 11 దాకా, రెండైతే 40 దాకా ఉంటుంది. మీ ఆవిడకు మూతి కప్పలేదు కాబట్టి అంత ఉండదు. అయినా పాత ఆపరేషన్ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ఆ కోణంలో చూడకుండానే రిపోర్టు వచ్చేస్తుంది. పాత డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి.

28 నుంచి 32 వారాల మధ్య కర్నూలులో కలర్ డాప్లర్ (రక్తం పారడాన్ని రంగుల్లో చూపే స్కాన్) ఉన్నచోట, వీలైతే ఫీటల్ మెడిసిన్ (కడుపులోని బిడ్డను చూసే) డాక్టర్ దగ్గర చూపించండి. మచ్చ చూసేటప్పుడు మూత్రసంచి సగం నిండి ఉండాలి. ఖాళీగా ఉంటే మూత్రసంచికి, గర్భసంచికి మధ్య గీత తెలియదు. మరీ నిండితే ముందు గోడ వెనక్కి నొక్కుకుపోయి, కప్పని మాయ కూడా మూతిని కప్పినట్టు కనబడుతుంది. అందుకే దూరం కొలిచేది మూత్రం పోసి వచ్చాక, యోని ద్వారా చేసే లోపలి స్కాన్‌తో. ఇంట్లో పెద్దవాళ్లు లోపలి స్కాన్‌తో రక్తం పోతుందని వద్దంటారు. ప్రోబ్ (స్కాన్ కడ్డీ) మూతికి ఇవతలే ఆగుతుంది, మూతిలోకి పోదు. పొట్ట మీది నుంచి చేసేదానికంటే అదే కచ్చితం.

మాయ వెనక సన్నని నల్లటి గీత, దాని అవతల కండ, ఆపైన మూత్రసంచి తెల్లటి గీత తెగకుండా కనబడితే మంచిది. మాయలో అంచులు చిరిగినట్టుండే నల్లటి గుంటలు, వాటిలో రక్తం సుడి తిరగడం, కండ 1 మి.మీ. కన్నా పలచబడటం, తెల్లటి గీత తెగడం, మాయ నుంచి మూత్రసంచి వైపు రక్తనాళాలు దాటడం అనుమానించాల్సినవి. నల్ల గీత ఒక్కటే కనబడకపోతే భయపడక్కర్లేదు. ప్రోబ్ గట్టిగా నొక్కినా అది మాయమవుతుంది. కండ బిగుసుకున్నప్పుడు కూడా మాయ కిందికి దిగినట్టు కనబడుతుంది. అరగంట ఆగి మళ్లీ చూడమనండి.

చాలామంది వదిలేసేది ఒకటుంది. మాయ పైకి జరిగాక కూడా మూతి మీద బిడ్డ రక్తనాళం మిగిలిపోవచ్చు. ఉమ్మనీటి సంచి పగిలినప్పుడు అది తెగితే పోయేది బిడ్డ రక్తం. కాబట్టి 32వ వారంలో "మాయ పైకొచ్చింది" అన్నా సరే, మూతి మీద కలర్ డాప్లర్ పెట్టి చూడమని, బొడ్డుతాడు మాయకు ఎక్కడ అంటుకుందో రాయమని అడగండి. అప్పటికీ కిందే ఉంటే 36వ వారంలో మరోసారి.

మాయ కండలోకి దిగిందన్న అనుమానం నిలబడితే కాన్పు ఆదోనిలో పెట్టుకోవద్దు. రక్తనిధి, మత్తు డాక్టర్, మూత్రసంచికి కుట్టు వేయగల సర్జన్, పసిబిడ్డల ఐసీయూ ఒకేచోట ఉండాలి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలాంటి పెద్దాసుపత్రిలో ముందే పేరు రాయించండి. మాయ కండలోకి దిగినవాళ్లకు సాధారణంగా 34, 35 వారాల్లోనే ఆపరేషన్ పెడతారు. అప్పటికి హిమోగ్లోబిన్ 11 దాటాలి, ఐరన్ ఇప్పుడే మొదలుపెట్టండి.

రక్తం పోనివాళ్లకు మంచానికే కట్టేయడం వల్ల లాభం ఉందని రుజువు లేదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లో తిరగనివ్వండి. బరువులు ఎత్తొద్దు, భార్యాభర్తలు దూరంగా ఉండండి.

రక్తం కనబడితే నొప్పి లేకపోయినా వెంటనే 108కు ఫోన్ చేయండి. ఏ ఆసుపత్రికి చేరినా "మాయ కిందుంది, స్కాన్ చూడకుండా లోపల వేలు పెట్టి పరీక్ష చేయొద్దు" అని ముందే చెప్పండి. రక్తం గ్రూపు నెగటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ (తల్లి ఒంట్లో బిడ్డ రక్తానికి వ్యతిరేక పదార్థాలు తయారవకుండా ఇచ్చేది) సంగతి కూడా అక్కడే అడగండి.