పిలుపు మీకు వచ్చింది, మరి మీ ఆవిడను అడిగారా?

ప్రశ్న: నా వయసు 32. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నా భార్య నర్సు. ఆరేళ్ల పాప ఉంది. కిందటేడు ఉపవాస ప్రార్థనల్లో దేవుడు నన్ను పూర్తికాలపు సేవకు పిలుస్తున్నాడని గట్టిగా అనిపించింది. ‘నువ్వు కడుపులో ఉన్నప్పుడే నిన్ను దేవునికి ప్రతిష్ఠించాను’ అని అమ్మ అంటుంది. ముప్పై అయిదేళ్లు పల్లెల్లో పాస్టరుగా చేసిన నాన్న మాత్రం వద్దంటున్నారు. రాజీనామా ఉత్తరం రాసి నా భార్యకు చూపించాను. వారం అయింది, సరిగ్గా మాట్లాడటం లేదు. ఇంటి లోను ఇంకా తొమ్మిదేళ్లుంది. దేవుని మాట వినాలా, ఇంట్లోవాళ్ల మాట వినాలా?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ మీ నాన్నగారి దగ్గర ఆగిపోయాను. సేవంటే ఏమిటో తెలియనివాళ్లు వద్దంటే అదొక సంగతి. ముప్పై అయిదేళ్లు ఆ కాడి మోసిన మనిషి కొడుకును వద్దంటున్నారంటే, ఆయన ఎవరికీ చెప్పుకోనిది ఏదో లోపల ఉండిపోయింది.

నేనూ పాస్టరుగారి అమ్మాయినే. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో ఆడవాళ్లు తెచ్చిన పిడికెడు బియ్యం అంతా ఒకే గంపలో పోసేవారు. సన్నబియ్యం, ముతకబియ్యం, కోటా బియ్యం, నూకలు అన్నీ కలిసిపోయేవి. అమ్మ ఎసట్లో పోస్తే కొన్ని ముద్దయ్యేవి, కొన్ని పలుకుగానే ఉండేవి. అన్నమంటే అలాగే ఉంటుందనుకునేదాన్ని. పదో తరగతిలో ఒక స్నేహితురాలింట్లో భోజనానికి కూర్చున్నప్పుడే, మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయని తెలిసింది. నాన్న సేవ మీద నాకున్న గౌరవం ఈ రోజుకీ తగ్గలేదు. కానీ ఆ అన్నం వండింది అమ్మ. అర్ధరాత్రి తలుపు తట్టిన వాళ్లకు లేచి టీ పెట్టింది అమ్మ. ‘నీకిష్టమేనా?’ అని మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు.

మీ ఆవిడను మీరు అడిగారా? ఉత్తరం రాసేశాక చూపించారు. అది అడగడం కాదు. మీరు పాస్టరు అయ్యగారైతే ఆ రోజు నుంచి ఆమె సంఘానికి అమ్మగారు. సంఘంలో ఎవరింట్లో కాన్పైనా, చావైనా, మొగుడూ పెళ్లాల గొడవైనా ముందు ఆమె దగ్గరికే వస్తారు. ఇప్పుడు నైట్ డ్యూటీలు చేస్తూ పాపను చూసుకుంటున్న మనిషి. పైగా మీరు మానేస్తే లోను మొత్తం ఆమె జీతం మీదే పడుతుంది. ఆమె మౌనాన్ని అవిశ్వాసం అనుకోకండి. ఆమెకు ‘ఇప్పుడే వద్దు’ అనే హక్కు ఇవ్వండి, మనస్ఫూర్తిగా ఇవ్వండి.

మీ పిలుపు నిజం కాదని నేను అనను, అనే అధికారం నాకు లేదు. అయితే బైబిల్లో పిలుపు వచ్చిన తీరు చూడండి. రాత్రి దేవుడు పిలిస్తే, పిల్లవాడైన సమూయేలు మూడుసార్లు లేచి ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. పిలిచింది దేవుడని గ్రహించింది ఆ ముసలి యాజకుడు. అంతియొకయలో బర్నబాను, సౌలును పంపింది సంఘం, అదీ ఉపవాసముండి ప్రార్థన చేసి. యేసు పిలవగానే జెబెదయి కొడుకులు తండ్రిని దోనెలో విడిచి వెళ్లారని ప్రసంగాల్లో తరచూ వింటాం. మార్కు సువార్తలో రాసింది పూర్తిగా చదవండి: జీతగాళ్ల దగ్గర విడిచి వెళ్లారు. ఆ ముసలాయన పక్కన వల లాగే చేతులున్నాయి.

దోర్నకల్ బిషప్ అజరయ్యగారి సంగతి మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది. తిరునల్వేలి వాళ్ల మిషనరీ సంఘాన్ని 1903లో స్థాపించినవాళ్లలో ఆయన ఒకరు. ఆ సంఘం దోర్నకల్ ప్రాంతానికి మనుషుల్ని పంపుతున్నా, ఆయన క్రైస్తవ యువజన సంఘం వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగానే కొనసాగారు. ఆ పని వదిలి తానే దోర్నకల్ వచ్చింది 1909లో. మధ్యలో ఆరేళ్లు. 1912లో బిషప్ అయ్యారు. భార్య అన్బు మరియమ్మాళ్ గారు చదువుకున్న మనిషి, సేవలో ఆయనతో సమానంగా పనిచేశారు. ఆరేళ్లు ఆగినందువల్ల ఆయన పిలుపు చల్లారిపోలేదు.

కాబట్టి ఉద్యోగం ఇప్పుడే మానకండి. మీ సంఘ పాస్టరుగారికీ పెద్దలకూ విషయం చెప్పి, మైకు అవసరం లేని పని అడగండి. సండే స్కూలు, ఆసుపత్రిలో రోగుల పరామర్శ, వారానికి ఒక పల్లె. ఏడాది పాటు ఎవరూ పేరు పెట్టి మెచ్చుకోని పనిలో మీకు సంతోషం దొరుకుతుందేమో చూసుకోండి. చదువు తప్పనిసరి అని నా అభిప్రాయం. 1964లో రాజమండ్రిలో మొదలై, తర్వాత హైదరాబాదుకు మారిన ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఉంది, సేరంపూర్ విశ్వవిద్యాలయం కింద బి.డి. అనే దైవశాస్త్ర డిగ్రీ చదవొచ్చు. అది ఏళ్ల తరబడి సాగే చదువు. ఉద్యోగం చేసుకుంటూ చదవడానికి సేరంపూర్ వాళ్ల దూరవిద్య కోర్సులున్నాయి. ముందు అవి చూడండి. సొంత పేరుతో ఒక మినిస్ట్రీ పెట్టేసి కానుకల మీద లోను కట్టొచ్చని ఎవరైనా చెబితే వినకండి. మీరు లెక్కలు చూసే మనిషి, లెక్క అడిగేవాళ్లు లేనిచోట ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొరింథులో పౌలు డేరాలు కుట్టుకుంటూనే వాక్యం చెప్పాడు. ఆయన అపొస్తలత్వానికి ఏ లోటూ రాలేదు.

అమ్మగారి మొక్కు గురించి ఒక్క మాట. సమూయేలు తల్లి హన్నా బిడ్డను దేవునికిస్తానని మొక్కుకుంది నిజమే. అయినా దేవుడు సమూయేలును పేరు పెట్టి విడిగా పిలిచాడు. అమ్మ మాట మీద జాలితో మీరు వెళ్లకూడదు.

ఇక మీ నాన్నగారు. ఆయనతో వాదించొద్దు. పక్కన కూర్చుని, ‘నాన్నా, అన్నేళ్లలో నీకు బాగా కష్టమనిపించిన రోజు ఏది?’ అని అడిగి ఊరుకోండి. మధ్యలో వాక్యాలు ఎత్తకండి. ఆ తర్వాత, ‘నువ్వు ఎందుకు మానలేదు?’ అని కూడా అడగండి. ఈ రెండు జవాబులూ మీ ఆవిడ వినాలి. అందుకే ఊరికి ఒక్కరే వెళ్లకండి. ఆమెకు డ్యూటీ లేని రోజు చూసుకుని, పాపను కూడా తీసుకుని వెళ్లండి.